'విత్' అక్కర్లేదన్న రోజు

నంద్యాల,
మంగళవారం.

బాలసుబ్రహ్మణ్యం గారికి నమస్కారం.

మీరు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు రావడం మానేశాక మీ బెంచీలో ఎవరూ కూర్చోవడం లేదు. అహోబిలం వెళ్లే వేరే రాష్ట్రాల వాళ్లు మీ అంగట్లో ఆగి ఏదడిగినా బదులు చెప్పాలని మీరు ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. అలాంటిది ఒక్క మాటకే మానేశారు.

ఆరోజు సార్ 'మ్యారీ' అనే క్రియతో వాక్యం చెప్పమన్నారు. మీరు లేచి, నా వైపు చూసి, "ఐ వాంట్ టు మ్యారీ విత్ యూ" అన్నారు.

"మ్యారీ పక్కన విత్ రాదప్పా. నేరుగా యూ అంటే సాలు" అన్నారు సార్.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. భర్త పోయి అన్న ఇంట్లో ఉంటున్నదాన్ని, ఏం చెప్పాలో తెలియక తల వంచుకున్నాను. మీరు దాన్నే కాదన్న జవాబనుకున్నారు.

ఆ 'విత్' అంటే మన 'తో'నే కదా. ఇంగ్లిష్‌కు అక్కర్లేకపోవచ్చు, నాకు కావాలి. మీతో మాట్లాడాలని ఉంది. మీతో బస్టాండు దాకా నడవాలని ఉంది. పోయిన ఆదివారం ఆళ్లగడ్డ వచ్చాను. మీ అంగడికి ఎదురుగా నిలబడి, రోడ్డు దాటే ధైర్యం చాలక తిరిగొచ్చాను.

నిన్న మా అన్నకు అంతా చెప్పేశాను. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "ఈ ఆదివారం ఇద్దరం పోదాం లేమ్మా. ఆయప్ప అంగట్లో ఉంటాడా?" అని అడిగాడు.

ఉంటారా?