కర్ట్ పేరు మీద ఒకే ఒక్క కేసు

టామరాక్ బే,
అక్టోబరు 3

ప్రియమైన మార్లిస్,

ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి నీకూ ఇలాంటి కాగితమే వచ్చి ఉంటుంది. డారెల్ నియెమి తనకు పడిన శిక్షను రికార్డుల్లోంచి తీసేయమని జడ్జికి అర్జీ పెట్టుకున్నాడు. విచారణ నవంబరు తొమ్మిదిన. అభ్యంతరం ఉంటే మనం వచ్చి చెప్పుకోవచ్చునట.

పన్నెండేళ్ల క్రితం, దుప్పుల వేట మొదలైన రోజు పొద్దున్నే, పొదల్లో కదలిక చూసి దుప్పి అనుకుని, తన స్నేహితుడే అయిన మన కర్ట్‌ను కాల్చాడు. తుపాకీ అజాగ్రత్తగా పేల్చి ఒకరి మరణానికి కారణమయ్యాడని కేసు. తప్పు ఒప్పుకున్నాడు, ఏడాది జైల్లో ఉన్నాడు. ఇప్పుడు జడ్జి సరేనంటే, రేపు ఎవరైనా కోర్టు కౌంటర్‌లో వాడి పేరు అడిగితే "అలాంటి కేసేమీ లేదండీ" అని చెబుతారు. నేను ఒప్పుకోను. మన అబ్బాయికి ఏం జరిగిందో అధికారికంగా రాసి ఉన్న చోటు అదొక్కటే.

ఊరికే వద్దంటే జడ్జి వినడు. వాడు ఆ తర్వాత కూడా తప్పు చేశాడని చూపించాలి. డబ్బు కడితే ఎవరి గురించైనా చెప్పే వెబ్‌సైటు ఒకటి వెతికాను. దొరికింది. డారెల్ నియెమి, అదే వయసు, పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో తుపాకీ చూపి బెదిరించిన కేసు. ఇలాంటి సైట్లను నమ్మి ఒక్క వాక్యం కూడా రాయొద్దని ముప్ఫయ్యేళ్లుగా కొత్త విలేకరులకు చెబుతున్నవాణ్ణి నేనే. అందుకే అసలు ఫైలు చూడడానికి ఆ కోర్టుకు వెళ్తున్నాను. అది వాడే కావాలని కోరుకుంటున్నాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

వెండెల్


టామరాక్ బే,
అక్టోబరు 14

ప్రియమైన మార్లిస్,

అది వాడు కాదు.

కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ నా చేతిలోని కాగితం చూసి నవ్వింది. "పుట్టిన తేదీ తెచ్చావా నాయనా? ఒట్టి పేరుతో ఏం చేసుకోను? మా చర్చి పాటల బృందంలోనే ఇద్దరు డారెల్ నియెమిలున్నారు. ఇద్దరిలో ఒక్కడికీ పాడటం రాదు" అంది. ఫైలు తీసి ముందు పెట్టింది. పుట్టిన తేదీ వేరు. మధ్య పేరు వేరు. ఆ మనిషి ఆరడుగుల పైన ఉంటాడు, మనకు తెలిసిన డారెల్ నా భుజం దాకా వస్తాడు. పైగా ఆ కేసు కూడా కొట్టేశారు. అది సైటులో లేదు.

తిరిగొచ్చి రాష్ట్ర పోలీసుల రికార్డులో పేరూ, పుట్టిన తేదీ ఇచ్చి వెతికించాను. ఆ తర్వాత మన జిల్లా కోర్టుకు వెళ్లాను. రికార్డుల కౌంటర్‌లో లొరెయిన్ ఇంకా అదే కుర్చీలో ఉంది. "ఏం వెండెల్, ఈసారి ఎవరి కొంప ముంచుదామని?" అంది. ఎవరి గురించో చెప్పగానే నవ్వు ఆపి వెతికి పెట్టింది. డారెల్ మీద రెండే ఉన్నాయి: మనది, దానికి ఏడాది ముందు జూన్‌లో లెక్కకు మించి చేపలు పట్టినందుకు జరిమానా. ఈ పన్నెండేళ్లలో ఏమీ లేదు.

అప్పుడు మన వాడి పేరు వెతకమన్నాను.

"వెండెల్, ఇక్కడ ముద్దాయిల పేర్లే ఉంటాయి కదా. నీకు తెలియనిదేముంది?" అంది. తెలుసు. ముప్ఫయ్యేళ్లుగా తెలుసు. చనిపోయినవాడి పేరుతో కేసు దొరకదు. అయినా వెతకమన్నాను. ఒకటి దొరికింది. కర్ట్ లాహ్టినెన్, పద్దెనిమిదేళ్లు, డారెల్ జరిమానా కట్టిన ఆ వేసవిలోనే, పరిమితికి మించి ట్రౌట్ చేపలు, తప్పు ఒప్పుకున్నాడు, జరిమానా. నీకు గుర్తుందా? మా పత్రికలో వారం వారం వేసే కోర్టు కబుర్లలో ఆ వార్త వేసింది నేనే. సొంత కొడుకని వదలలేదని ఊళ్లో మెచ్చుకున్నారు కూడా.

మార్లిస్, డారెల్ ఫైలు మూసేస్తే, ఈ కోర్టులో మన అబ్బాయి గురించి మిగిలేది ఆ చేపలే. నా చేతిలో డారెల్ మీద చెప్పడానికి ఏమీ లేదు. అయినా తొమ్మిదిన వెళ్లి వద్దనే చెబుతాను.

వెండెల్


డులూత్,
అక్టోబరు 21

వెండెల్,

రెండు ఉత్తరాలూ చదివాను. ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది. ఆ ఇంట్లో మనం మాట్లాడుకోవడమే మానేశాం కదా.

ఆ చేపలు కర్ట్ పట్టినవి కావు. డారెల్‌వి. వాడికి జూన్‌లోనే ఒకసారి జరిమానా పడిందని నువ్వే రాశావు. రెండోసారి దొరికితే లైసెన్సు పోయేది, వేసవంతా పడవ మీద పని పోయేది. చేపల లెక్క చూసే ఆఫీసరు గట్టు దిగివస్తుంటే మన వాడు డారెల్ చేపల బుట్ట లాక్కుని తన ముందు పెట్టుకున్నాడట. సాయంత్రం వంటింట్లో నాకు చెప్పి పడీ పడీ నవ్వాడు. "అమ్మా, నాన్నకు చెప్పకు. అసలు నిజం ఇదీ అని పేపర్లో సవరణ వేస్తాడు" అన్నాడు. నువ్వు ఆ వార్త రాసేముందు కోర్టుకు ఫోన్ చేసి సరిచూసుకున్నావు. పక్క గదిలో ఉన్న వాణ్ణి మాత్రం అడగలేదు.

ఇంకొకటి. అర్జీ పెట్టే ముందు డారెల్ ఇక్కడికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. బడి బస్సు నడిపే ఉద్యోగం ఉందట, ఈ కేసు ఉండగా ఇవ్వరట. "మీరు వద్దంటే పెట్టనండీ" అన్నాడు. పెట్టుకో అన్నాను. వాడు వెళ్లాక ఆ రోజంతా నేను తిండి తినలేదు. వాణ్ణి క్షమించానో లేదో నాకు తెలియదు. వాడి కోసం కర్ట్ ఒకసారి తన పేరు రాయించుకున్నాడు. నేను దాన్ని కాదనలేను.

తొమ్మిదిన బస్సులో వస్తున్నాను. నువ్వు చెప్పాలనుకున్నది చెప్పు, ఆపను. డారెల్‌కు తోడుగా వచ్చేవాళ్లెవరూ లేరు. నేను వాడి పక్కన కూర్చుంటాను.

మార్లిస్