అంచనా మాత్రమే

మే 8
శ్రీకాకుళం నుంచి ఇంటికి చేరేసరికి కాళ్ళు లాగేస్తున్నాయి. రెండు ఆటోలు, ఒక బస్సు. ఇంటర్న్‌షిప్ మొదలై వారం కాలేదు, అప్పుడే ముసలిదాన్నైపోయినట్టుంది. మందుల షాపు మీద రెండు గదులు, ఒక ఏసీ — పనిచేయదు. దీన్నే స్టార్టప్ అంటారు. తోటి ఇంటర్న్ మౌనిక, నెల్లిమర్ల పిల్ల, వాళ్ళ నాన్న జూట్ మిల్లులో. "బెంగుళూరులో రాలేదని ఏడవకే, ఇక్కడ కింద సమోసా అయినా బాగుంటాది" అంది.

పని ఇదీ: సముద్రం మీద గాలి వస్తుందన్న హెచ్చరిక రాగానే, తీరంలో వేటకు వెళ్ళే ప్రతి ఒక్కరి ఫోనూ మోగాలి, రికార్డు చేసిన మాట వినపడాలి. ప్రోగ్రామంతా కంపెనీ పెట్టిన శ్రీధర్ సర్ రాశారు. కాల్ ఎక్కడ కట్ అవుతోందో చూసి చెప్పడం నా వంతు. మూడో సంవత్సరం బీటెక్ అయ్యాక ఇది. అయినా సరే… మా ఒడ్డుకి పనికొచ్చే పని. దేవుడు ఊరికే పెట్టడు ఎవరినీ ఎక్కడా.

మే 10
అందరూ ఒక్క దగ్గరే కట్ చేస్తున్నారు. "మత్స్యకార సోదరులకు విజ్ఞప్తి" — అక్కడే. తర్వాతి మాట విన్నవాడే లేడు.

సాయంత్రం మావ పక్కన కూర్చుని ఆయన ఫోనుకే కాల్ పెట్టాను. ఎత్తాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, కట్ చేశాడు.
"ఏటి మావా, కట్టేసావు?"
"కంపినీవోడే. పాట ఎట్టుకోమంతాడు."

అమ్మ తమ్ముడు. నాన్న గుజరాత్ బోట్ల మీదకి వెళ్ళినప్పటి నుంచీ మా ఇంటికి పెద్ద దిక్కు. ఈయనే వినకపోతే ఇంకెవరు వింటారు?

మే 14, ఆదివారం
పాస్టరు గారు నెలకొక్కసారి వస్తారు. మిగతా ఆదివారాలు కూటంలో వాక్యం చెప్పేది నేనే. ఎవరు నేర్పారని అడుగుతారు. ఎవరూ లేరు. అమ్మమ్మ బైబిలు గ్రంథం ఒకటి, నా ఫోను ఒకటి. వాక్యం అందులో, కోడింగ్ ఇందులో.

ఈ రోజు అలిగిన ప్రవక్త గురించి చెప్పాను. ఊరు నాశనమవుతుందని చాటమని దేవుడు పంపాడు. చాటాడు. ఊరు మారింది, దేవుడు శిక్షించకుండా వదిలేశాడు. అదిగో, అక్కడ కోపం వచ్చింది ఆ మహానుభావుడికి. ఊరి బయట కూర్చుని మూతి ముడుచుకున్నాడు. గొంతు చించుకున్నాను — లక్షమంది బతికితే ఏడ్చేవాడు ప్రవక్తా, అని.

మా వీధి సూరమ్మ ముందు వరసలో. ఎప్పుడూ ముందు వరసే. "ఊరు బతికితే ఆడికి కోపమేటి పాపా?"
గర్వం, అన్నాను. ఊరి ప్రాణం కంటే తన మాట నిలవడం ఎక్కువైపోయింది, అన్నాను.
ఆమె తలూపింది. కొంగు సర్దుకుంటూ — "ఎండన కూకున్నాడు కావాల, పాపం."
నవ్వు వచ్చింది. ఆపుకున్నాను.

మే 17
కరెంటు లేదు. చెమట. ఒక్క ముక్క చదవలేదు, ఇదీ లేదు అదీ లేదు.

మే 20
విజయనగరం. ఇంజనీరింగ్ కాలేజీ హాల్లో స్టార్టప్‌ల కలయిక. సర్ మమ్మల్ని తీసుకెళ్ళారు. అందరి దగ్గరా కార్డులు, అందరి నోటా ఇంగ్లీషు. ఒక అబ్బాయి నా పేరు అడిగాడు, కాలేజీ పేరు అడిగాడు, తర్వాత నా భుజం మీదుగా ఇంకెవరినో చూశాడు.

మా కంపెనీ తరఫున రెండు నిమిషాలు మాట్లాడాలి. సర్‌కి గొంతు పట్టేసింది. నన్ను తోశారు. స్లైడు తెరుచుకోలేదు. సరే, చెయ్యెత్తాను, ఆదివారం ఎత్తినట్టే. తెల్లవారకముందు పడవ దించే మనిషి గురించి చెప్పాను. సమయానికి చేరని మాట లేని మాటతో సమానం అన్నాను. ఫోను మోగుతుంది, మాట చేరదు, ఆ పాపం ఎవరిది — అని వేలు చూపించాను. వెనక వరసలోంచి ఎవరో "ఆమెన్" అన్నారు. అందరూ నవ్వారు.

తిరుగు బస్సులో మౌనిక: "వేలు చూపించావే. ఎదురుగా కూకున్నాయన డబ్బు ఎట్టడానికొచ్చినాడు. ఆడి మొహం సూడాల్సింది." తర్వాత నా భుజం మీద నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు. సిగ్గో, ఇంకేదో.

మే 22
సర్ ఒక్కటే అడిగారు — "నువ్వు ప్రసంగాలు చేస్తావా ఎక్కడైనా?"
చెప్పాను. బల్ల మీద ఉన్న హెచ్చరిక కాగితం నా వైపు జరిపారు. "అయితే ఆ కాల్‌లో నువ్వే మాట్లాడు. మీ ఊళ్ళో మాట్లాడినట్టు."

మే 24
వెనక గదిలో రికార్డింగ్. శబ్దం రాకూడదని ఫ్యాను ఆపేశారు, కిటికీకి దుప్పటి కట్టారు. మౌనిక అట్టముక్కతో విసురుతూ, చప్పుడు రాకుండా.

కాగితం మీద ఉన్నది పక్కన పెట్టేశాను. "మావా, అన్నా, ఇనండి. రేపు గాలి వస్తాది. పడవ దించకండి. ఇంటికాడ మీకోసం సూసీవోళ్ళున్నారు." అంతే.

కాగితం చివర ఒక వాక్యం ఉంది — ఇది అంచనా మాత్రమే, మారవచ్చు. రెండుసార్లు చదివి చూశాను. చదివిన ప్రతిసారీ ముందు చెప్పిందంతా నీరుగారిపోతోంది. కొట్టేశాను. రక్షణ ఉండవచ్చు అని ఎవరైనా బోధిస్తారా? సందేహంతో చెప్పేవాడి మాట వినేదెవరు? సర్ కూడా సరే అన్నారు.

మే 29
పరీక్ష కోసం మా ఊరికి మాత్రం కాల్ పెట్టాం. ఒక్కరూ కట్ చేయలేదు. ఇంటికొచ్చేసరికి వీధిలో స్పీకరు పెట్టి మళ్ళీ మళ్ళీ వింటున్నారు. "ఓలమ్మా, మన గుంటే మాటాడతన్నాది" — సూరమ్మ అందరికీ చూపిస్తోంది.
మావ మాత్రం కూటానికి రాడు, గంగమ్మకి మొక్కే మనిషి. "ఏటే, మీ దేవుడు గాలీ వానా కూడా సెప్తాడేటి?"
"ఆఫీసు సెప్తాది మావా. నాను సదువుతాను."
"ఏదైతేనేం. నువ్వు సెప్తే ఇనాలనిపిస్తాది."

ఆ మాట పట్టుకుని నిద్రపోతాను ఈ రాత్రికి.

జూన్ 3
విజయనగరంలో కలిసినవాళ్ళందరికీ లింక్డ్‌ఇన్‌లో రిక్వెస్టులు పంపాను. ఒక్కరు ఒప్పుకున్నారు. మౌనిక.

జూన్ 11, ఆదివారం
ఇంకొన్ని రోజుల్లో వేట నిషేధం తీసేస్తారు. ఒడ్డంతా రంగు వాసన, ఇంజన్ల చప్పుడు. రెండు నెలలుగా ఎవరింటికీ సముద్రం నుంచి ఒక్క చేప రాలేదు. సూరమ్మ కొడుకు ఎర్రయ్య వలకి కొత్త తాడు వేస్తున్నాడు. ఈ రోజు కూటంలో మగవాళ్ళూ నిలబడ్డారు వెనక. నా గొంతు వినడానికొచ్చారట. వాక్యం కోసమా, ఫోను కోసమా — అడగలేదు. గట్టిగా చెప్పాను. చాలా గట్టిగా.

జూన్ 14
ఈ అర్ధరాత్రితో వేట నిషేధం ముగుస్తుందనగా మధ్యాహ్నం హెచ్చరిక వచ్చింది. రేపు బలమైన గాలులు. తీరమంతా ఒకేసారి కాల్స్ వెళ్ళాయి, నా గొంతు. సర్ చేతులు రుద్దుకుంటూ గదిలో అటూ ఇటూ. ఇంటికి వెళ్తే మా ఊళ్ళో పడవలన్నీ ఇసక మీదే, రేపటికి కట్టేసి. పండగ ముందురోజు పండగ వాయిదా పడినట్టు అందరూ అరుగుల మీద. మావ నన్ను చూసి తలూపాడు.

జూన్ 15
గాలి లేదు. పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు. సముద్రం పరిచిన చాపలా ఉంది.

పక్క ఊరికీ అదే కాల్ వెళ్ళింది. వాళ్ళకి నేనెవరో తెలియదు. వెళ్ళారు. సాయంత్రం వాళ్ళ పడవలు కవళ్ళ చేపల బరువుతో నీళ్ళలో కిందికి దిగిపోయి వచ్చాయి. మా ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని అక్కడికి నడిచి వెళ్ళి కొనుక్కుని అమ్ముకోవాల్సి వచ్చింది. అమ్మ కూడా. వచ్చాక తట్ట బోర్లించి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

జూన్ 16
ఎర్రయ్య దారికి అడ్డంగా నిలబడ్డాడు. అందరూ వింటున్నారు.
"అంచనా అంట. ఆ ఊరోడు సెప్పినాడు. పేపర్లో అలగే ఏసినారంట, రావచ్చు అని. నువ్వు వస్తాది అన్నావు. ఎవులు సెప్పమన్నారు నిన్ను?"
నేనే, అన్నాను.
"దేవుడి మాటలు సెప్పే నోరు కదాని ఆగాం. మొదటి రోజు వేట పోనాది."
మావ వచ్చి భుజం పట్టి లాగాడు, "నీ వేట పోతే నా వేటా పోనాది. ఇంటికెల్లు" — వాణ్ణో, నన్నో తెలియలేదు. ఇద్దరం వెళ్ళాం.

జూన్ 18, ఆదివారం
సూరమ్మ, అమ్మ, ఇంకో ఇద్దరు. చాప సగం ఖాళీ. ఏం చెప్పానో గుర్తు లేదు. వాక్యం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయి. మధ్యలోనే ప్రార్థన చేసి ముగించేశాను. గొంతు బొంగురు. పోయింది గొంతు మాత్రమే అనుకుంటాను.

జూన్ 19
ఆఫీసులో పండగ. తీరం మొత్తం కాల్ చివరిదాకా విన్నారట. సర్ తెర నా వైపు తిప్పి చూపించారు. "నాలుగో సంవత్సరమంతా ఇక్కడే చెయ్యి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం నీదే. గొంతు నీదే ఉండాలి."
ఇదే కదా ఏప్రిల్ నుంచి మోకాళ్ళ మీద అడిగింది. ఇప్పుడు చేతిలో పెడుతుంటే చెయ్యి చాపబుద్ధి కావడం లేదు.
ఆ చివరి వాక్యం మళ్ళీ పెడదాం సర్, అన్నాను.
"పెడితే పాత కథే. అంచనాయే కదా అని ఇంకోసారి మొదట్లోనే కట్ చేస్తారు."
నిజమే. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అలసట అక్కడే వస్తోంది. అవతలివాడు దుర్మార్గుడైతే నాకు తేలిక. వాళ్ళమీద ఎలా గర్జించాలో తెలుసు.

జూన్ 23
మళ్ళీ అడిగాను. ఆ చివరి వాక్యం లేకపోతే నా గొంతు తీసేయండి, అన్నాను. మౌనిక బల్ల కింద నా కాలు తొక్కింది. సర్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు.
"ఒక్కసారి పెట్టి చూద్దాం. జనం కట్ చేసి, ఎవరికైనా ఏమైనా అయితే… ఆలోచించుకో."
బయటికొచ్చాక మౌనిక: "ఉద్యోగాన్ని కాలితో తన్నేవాళ్ళని సినిమాల్లో సూసాను. బయట ఇదే మొదలు." సమోసా తన వాటా కూడా నాకే పెట్టింది.

జూన్ 27
హెచ్చరిక. రేపు మధ్యాహ్నం నుంచి గాలి. రికార్డు చేశాను. గాలి రావచ్చు. ఇది అంచనా మాత్రమే. నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది, ఆఫీసు గుమాస్తాలా.

సాయంత్రం మావ ఇంజను విప్పి, తుడిచి, బిగించి, తిప్పి చూశాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. చేతులు కడుక్కుని నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు.
"మొత్తం ఇన్నాను. అంచనా అంటే ఏటే? ఎల్లమంటావా, మానమంటావా?"
"తెల్దు మావా."
"నీకు తెల్దా, మీ ఆఫీసోళ్ళకి తెల్దా?"
"ఎవులికీ తెల్దు. వచ్చినా రావొచ్చు."
బీడీ చివరిదాకా కాల్చి ఇసకలో నలిపాడు.
"మరి ఆదివారం అంత గట్టిగా ఎలగ సెప్తావు?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. మొదటిసారి ఒళ్ళో గ్రంథం ఉండి కూడా తెరవలేదు.

జూన్ 28
ఊరి పడవలు చాలావరకు వెళ్ళిపోయాయి. గాలి వచ్చేలోపు తిరిగొచ్చేస్తాం అన్నారట. ఎర్రయ్య అందరికంటే ముందు.

మావ పడవ ఒడ్డునే ఉంది. ఇంజను అందుకోవడం లేదట. నిన్న నేను విన్నాను దాని చప్పుడు. నా మాట నమ్మి ఆగాడా, నన్ను చూసి జాలిపడి ఆగాడా. అడగడానికి వెళ్ళాను. వల బాగుచేస్తూ తల ఎత్తలేదు. అడగలేదు.

ఆఫీసుకి సెలవు పెట్టాను. మధ్యాహ్నం నుంచీ ఒడ్డునే ఉన్నాను. సముద్రం మళ్ళీ చాపలా ఉంది. ఎండ. తూర్పున ఏమీ లేదు, దక్షిణాన ఏమీ లేదు. మళ్ళీ చూశాను. మళ్ళీ. అప్పుడు తెలిసింది, నా కళ్ళు పడవల కోసం వెతకడం లేదు. మబ్బు కోసం వెతుకుతున్నాయి.

లేచి వెళ్ళిపోవాలనుకున్నాను. సంచీలోంచి ఈ డైరీ తీశాను.

సూరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొడుకు ఇంకా రాలేదు.
"ఏటి సూస్తన్నావు పాపా?"
ఏమీ లేదు, అన్నాను.
"ఎండన కూకున్నావు" అని, తన కొంగు విప్పి నా తల మీద కూడా వేసింది.

ఆ కొంగు కిందే ఇది రాస్తున్నాను. ఇప్పుడే ఒక చిన్న తెమ్మెర కాగితం అంచు లేపింది. ఆమె కూడా తలెత్తింది.