బండి ప్రార్థనలో తుమ్ము

1986, మార్చి నెల. ఆదివారం.

బండి ఇంటికొచ్చింది! పాతదైతేనేం, డీజిల్ పికప్పు. గుంటూరు మిర్చి వ్యాపారి దగ్గర కొన్నాను. వెనక తొట్టి ఎన్నిసార్లు కడిగినా మిరపకాయ ఘాటు పోవడం లేదు. పొగ కూడా నల్లగా వదులుతోంది. ఇంజను పని పడుతుందేమో... చూడాలి.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు మా ఇంటికొచ్చి, బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ బండి ప్రయాణాలను..." అంటూనే గట్టిగా తుమ్మారు. ఒక్కటే తుమ్ము. రెండోది వస్తుందేమోనని అందరం ఎదురుచూశాం. రాలేదు.

ఆయన్ని ఇంటి దగ్గర దింపుదామని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తాళం తిప్పబోతుంటే సుగుణ, "ఏవండీ, కాసేపాగి బయలుదేరండి" అంది. నాకు ఒళ్ళు మండింది. "మనం విశ్వాసులం. మనకు శకునాలేంటే?" అని పాస్టరుగారి ముందే కసిరాను.

బండి ఒక్క తిప్పుకే అందుకుంది. గేరు వెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. "డీజిల్ బండి కదండీ, ఇంజను కాస్త వేడెక్కాలి" అన్నాను.

"వేడెక్కనివ్వు బాబూ, తొందరేముంది?" అని ఆయన సుగుణను మంచినీళ్ళు అడిగారు.

ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.