ఎరుపు చూసే స్క్రీన్

తమ్ముడు నతానియేలుకు అక్క రాసేది.

రాత్రి మంచు బాగా కురిసింది. పొద్దున్నే పైన కప్పిన పట్టాలు తీసి మిరపకాయలు ఎండకు ఆరబోశాం. ఇప్పుడు రంగు పోయి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాం. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకని ఇది రాసి ఫొటో పంపుతున్నాను.

మా అమ్మాయి జాస్మిన్ బొమ్మ వేసిన కారం ప్యాకెట్టు అచ్చయి తిరిగొచ్చింది. పిల్ల పాత కంప్యూటర్ స్క్రీన్ మీద ఎర్రగా ఉన్న కాయ, ప్యాకెట్టు మీద తాలుకాయలా వెలిసిపోయింది. ఇంకోసారి ఇలాగైతే బొమ్మలకు వేరేవాళ్లను చూసుకుంటామని కారం కంపెనీవాళ్లు అన్నారట. పిల్ల రెండు రోజులుగా కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పెన్ను ముట్టలేదు.

దానికి కొత్త కంప్యూటర్ కోసం నువ్వు పంపిన లిస్టులో రంగు లైట్ల డబ్బా ఖరీదైనది, స్క్రీన్ మామూలుది. ఆ లైట్లు తీసెయ్. ర్యామ్ మాత్రం తగ్గించొద్దంటోంది జాస్మిన్. మిగిలిందంతా మంచి స్క్రీన్‌కు పెట్టు.

"కాయలేరేదానివి, నీకు కంప్యూటర్ ఏం తెలుసక్కా" అని నవ్వుతావు. నవ్వుకో. ఇరవై ఏళ్లుగా ఎరుపు చూసే కూలి తింటున్నాను. స్క్రీన్ మీద కాయ బొమ్మ పెట్టి, పక్కన అసలు కాయ పట్టుకుని చూడండి. ట్యూబ్‌లైటు కింద వద్దు, మోసం చేస్తుంది. గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడండి. రెండూ ఒకటిగా కనపడకపోతే కొనొద్దు.

నాలుగు మంచి కాయలు, ఒక తాలుకాయ గుడ్డలో కట్టి పిల్లకిచ్చాను. జాస్మిన్ ఏడున్నర బస్సుకు నీ దగ్గరికి బయల్దేరింది.