ఆదివారం ఆ తుపాకి కొనొద్దు

అన్నకు దండం. నా ఫోన్ నువ్వు ఎత్తవు కాబట్టి కార్డు రాస్తున్నాను. నువ్వు చింపేసేలోపు వదినైనా చదువుతుంది.

నా చెరుకును కూడా అడవిపందులు బతకనివ్వట్లేదు. నిన్న బోధన్‌లో రాజేశ్వర్ పటేల్ ఇంటికి పోయి, ఆయన అమ్ముతున్న పాత స్పెయిన్ డబుల్ బ్యారెల్ తుపాకి చూశాను. పైకి కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. లైసెన్స్ తీసి బల్ల మీద పెట్టేశాను కూడా. ఎందుకైనా మంచిదని గొట్టాలు విడదీసి, వేలికి వేలాడదీసి, ఇంకో వేలి కణుపుతో కొట్టాను. ఎండిందో లేదో తెలియడానికి బాపు పసుపు కొమ్మును మనిద్దరి చెవుల దగ్గర విరిచేవాడు కదా, ఎండినది ఖంగుమనేది. ఇది పచ్చికొమ్ములా చప్పగా పలికింది. రెండు గొట్టాల మధ్య అతుకు వదిలింది. లోపల తుప్పు ఎంత తిన్నదో కంటికి కనబడదు. కాల్చేటప్పుడు నీ ఎడమ చెయ్యి సరిగ్గా దాని కిందే ఉంటుంది.

నాకొద్దంటే పటేల్ నవ్వాడు. "నువ్వు కొనకుంటే పాయె. ఐతారం మీ అన్న వస్తుండు, ఫోన్లనే ఖాయం జేసిండు."

మన పొలం గట్టు గొడవ గట్టు మీదే ఉండనీ. నా మాట నమ్మకు, నువ్వే కొట్టి విను.

అవ్వ మోకాళ్ల నూనె అందిందా? మక్క చేను కావలికి ఒక్కడివే పోకు. వదినకు, అవ్వకు దండాలు. నాతో మాట్లాడకపోయినా సరే, "కొనలేదు" అని వదినతో చెప్పించు. ఆదివారమంతా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంటాను.

తమ్ముడు మధుకర్