చిన్న స్క్రీన్ల లైన్

జూన్ 9, సోమవారం

హాజిరీ యాప్ ఈ వారమే లైవ్ కావాలట. హాస్టళ్లలో ఊడ్చి తుడిచే మనుషుల్ని కాంట్రాక్టు మీద పెట్టే ఒక ఠేకేదార్ మా క్లయింటు. పొద్దున్నే గేటు దగ్గర వర్కర్ తన ఫోన్‌లో సెల్ఫీ తీసుకుని పచ్చ బటన్ నొక్కాలి. నొక్కితేనే ఆ రోజు పనికి వచ్చినట్టు. యాప్ రాసింది నేను. సుపేలాలో టైల్స్ షాపు మీద మా ఆఫీసు. అక్కడ నా పేరు జీపీ. జ్ఞానప్రసూన అనడానికి మా బాస్ మనోజ్‌కుమార్ సార్ హిందీ నోరు తిరగదు.

చిన్న ఫోన్లలో పచ్చ బటన్ స్క్రీన్ కిందికి జారిపోతోంది. ముఖం కనిపిస్తుంది, బటన్ కనిపించదు. సరిచేయడానికి రెండు రోజులు అడిగాను. కుదరదన్నారు. అంత చిన్న ఫోన్లు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయి, సపోర్ట్‌లోంచి తీసెయ్ అన్నారు.

జూన్ 10

తీసేశాను. యాప్ ఏయే సైజు స్క్రీన్ల మీద నడుస్తుందో మేనిఫెస్ట్ అనే ఫైల్‌లో మనమే చెప్పాలి. అక్కడ చిన్న స్క్రీన్ల లైన్ లేకపోతే ప్లే స్టోర్ ఆ ఫోన్లకు యాప్ ఇవ్వదు. బగ్ లేదు, ఎందుకంటే ఆ ఫోన్లే లేవు. సార్ సమోసాలు తెప్పించారు. రెండు తిన్నాను.

జూన్ 12

లైవ్.

జూన్ 13, శుక్రవారం

సాయంత్రం చిన్నమ్మలు పిన్ని వచ్చింది. చుట్టరికం ఏమీ లేదు. రిసాలిలో మా వెనక వరసలో ఉంటుంది. పలాస వైపు మనిషి. అమ్మ డ్యూటీకి వెళ్తే నాకు జడ వేసి, అన్నం కలిపి పెట్టి స్కూలుకి పంపింది పిన్నే. లేడీస్ హాస్టల్లో పని చేస్తుందని తెలుసు. ఠేకేదార్లు ఏడాదికొకడు మారతారు, ఇప్పుడు ఎవడి కిందో నేనెప్పుడూ అడగలేదు.

మా క్లయింటు కిందేనట.

అరచేతిలో ఇమిడిపోయే ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. యాప్ దిగడం లేదట. యాప్‌లో హాజిరీ పడనివాళ్లను సూపర్‌వైజర్ గేటు బయటే ఆపేస్తున్నాడట. వచ్చే వారమంతా చూసి, ఆ పై సోమవారం నుంచి వేరేవాళ్లను పెట్టుకుంటానన్నాడట.

"నీకు ఫోన్ల పని తెల్సు కదా పాపా, దీనికేటైపోనాదో సూడు."

చూసినట్టు నటించాను. నెట్‌వర్క్ బాగోలేదేమో అన్నాను.

జూన్ 14

యాప్ ఫైల్ నేరుగా పిన్ని ఫోన్‌లో వేసి చూశాను. తెరుచుకుంది. ప్లే స్టోర్ నుంచి రాలేదు కాబట్టి చెల్లదు అని మూసుకుంది. దొంగ హాజిరీలు వేయకుండా ఆ చెక్ పెట్టింది కూడా నేనే. నా తాళాలు భలే గట్టివి.

జూన్ 15, ఆదివారం

నా పాత ఫోన్ ఇచ్చేశాను. అది పెద్దది. వద్దు వద్దంటూనే తీసుకుంది. మా హాల్లో నిలబెట్టి సెల్ఫీ నేర్పించాను. పిన్నికి నవ్వొచ్చింది. ముఖం కదపవద్దు అని యాప్ కోప్పడింది. ఇద్దరం మళ్లీ నవ్వాం.

జూన్ 16

పిన్నికి హాజిరీ పడింది. హాయిగా ఉంది.

జూన్ 17

హాయి ఒక్క రోజే. ఫోన్‌ని చేతిరుమాల్లో చుట్టి తిరిగి తెచ్చేసింది. వెనకాల గుమ్మం దగ్గర పిన్నితో పనిచేసే భాగ్యరేఖ, ఇంకో నలుగురు. అందరివీ పిన్ని ఫోన్‌లాంటి చిన్న ఫోన్లే. నన్ను దీదీ అంటున్నారు. పిన్నికి చేశాను కాబట్టి తమకూ చేస్తానని వచ్చారు. ఒక ఫోన్‌లో ఒక్కరి హాజిరీయే పడుతుంది, నా దగ్గర ఇంకో ఫోన్ లేదు. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టిందో.

వాళ్లు వెళ్లాక పిన్ని మీద అరిచాను. నీ పనైనా నిలబెట్టుకో, రేపు పొద్దున ఇదే ఫోన్ పట్టుకుని వెళ్లు అన్నాను.

"నానొక్కదాన్నీ లోపలికెల్లిపోతంటే ఆలందరూ గేటు బయట నిలబడి సూత్తన్నారు పాపా. నావల్ల కాదు."

ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టి వెళ్లిపోయింది. టీ కూడా తాగలేదు. కోపం ఎవరి మీదో తెలియక నాకు ఏడుపొచ్చింది.

జూన్ 18

ఆఫీసులో పని ఆపి ఆ పచ్చ బటన్ లేఅవుటే సరిచేశాను. నిజానికి ఒక పూట పని. సార్ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన స్క్రీన్ నా వైపు తిప్పారు. ఒక్క కంప్లైంట్ లేదు చూడు అన్నారు. యాప్ దిగనివాళ్లు యాప్ మీద కంప్లైంట్ ఎలా పెడతారు సార్ అన్నాను. జీపీ, పర్సనల్‌గా తీసుకోకు, క్లయింటు అప్రూవల్ కావాలి, జూలై ఆఖర్లో చూద్దాం అన్నారు. కొత్త వెర్షన్ స్టోర్‌లో పెట్టే అధికారం ఆయనది.

రాజీనామా మెయిల్ టైప్ చేశాను. నేను పోతే ఆ లైన్ సంగతి అడిగేవాళ్లు కూడా ఉండరు. చెరిపేశాను.

జూన్ 20

ఠేకేదార్‌కి నేనే ఫోన్ చేశాను. మంచివాడే, మర్యాదగా మాట్లాడాడు. బేటీ, నాకేం తెలుసు, సాఫ్ట్‌వేర్ మీదే కదా అన్నాడు.

జూన్ 21

కోహ్కా నుంచి ఆటోలో కొత్తవాళ్లు వచ్చి హాస్టల్ చూసి వెళ్లారట. అందరి చేతుల్లోనూ పెద్ద ఫోన్లేనని భాగ్యరేఖ చెప్పింది. సోమవారం నుంచి వాళ్లేనట.

జూన్ 22, ఆదివారం

సరిచేసిన యాప్‌ని పిన్ని చిన్న ఫోన్‌లో వేశాను. బటన్ నిండుగా కనిపించింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని నొక్కింది. హాజిరీ నమోదైంది అని వచ్చింది.

"అయితే రేపు అందరం డూటీకి ఎల్లొచ్చా?"

అది స్టోర్ చెక్ లేని టెస్ట్ సర్వర్, అక్కడ పడిన హాజిరీ గేటు దాకా చేరదు. పిన్నికి ఇంకా చెప్పలేదు.