అమ్మ అరచేతి గుంట

బారిడీహ్, బుధవారం రాత్రి

సాయంత్రం అమ్మకి మళ్లీ కడుపునొప్పి. వాము డబ్బా తీసేను. ఎవరి కడుపుకి వాళ్ల అరచేతి గుంటే కొలతని మా ఇంట్లో లెక్క. చిన్నప్పుడు నేను చెంచా తెస్తే అమ్మ ఊరుకునేది కాదు. "నీ చెయ్యి చాపవే, నీ కడుపుకెంతో అదే సెప్తాది" అనేది.

ఈరోజు అమ్మ చెయ్యి చాపింది. ఈమధ్య పట్టుకున్న వణుకుకి పోసిందంతా దుప్పటి మీద రాలిపోయింది. రెండోసారీ అంతే. ఇంక నా కూతురు పింకీని పిలిచి దాని చేతిలో పోసేను. ఎనిమిదేళ్ల పిల్ల. అమ్మమ్మ చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుని, "నానీ కా హాథ్ తో మేరే జిత్నా హై!" అని నవ్వింది. నిజమే, రెండూ ఒక్క సైజే.

నలభై ఏళ్లు ఈ ఊరి సంతలో హిందీలోనే బేరమాడిన మనిషి, అర్థం కాకుండా ఎలా ఉంటుంది? చెయ్యి మెల్లగా దుప్పట్లోకి లాక్కుంది.

పింకీ చేతిలోంచి సగం వాము తీసి డబ్బాలో పోసేసేను. అంత కూడా అమ్మకి ఎక్కువేమోనని భయమేసింది. నాలుగు గింజలు తగ్గితే కసిరే మనిషి, చూస్తూనే ఆ మిగిలినదానికి నోరు తెరిచింది.